ఎర్రగీత దాటిన నీళ్లు

ఆ ఏడు ఆకులు రాలడం మొదలయ్యేనాటికే మా ఇంట్లో అన్నదమ్ములకు మాటలు ఆగిపోయి చాలా కాలమైంది. అన్నదమ్ములంటే మా ఆయన, మా బావగారు. ఇల్లు ఒకటే, కప్పు ఒకటే. మధ్యలో గోడ లేపి వాకిళ్లు రెండు చేసుకున్నారు. వీధిలోవాళ్లు మాది రెండు తాళాల ఇల్లు అంటారు. అంటే అననీ. ఉన్న మాట అన్నందుకు వాళ్ల మీద విరుచుకుపడేంత తీరిక నాకెప్పుడూ లేదు.

పంపకాల్లో వాళ్లు దేన్నీ వదిలిపెట్టలేదు. బెంచీలు, బీరువాలు, పెరట్లో బట్టలారేసే తీగ అన్నీ పంచుకున్నారు. ఒకదాంట్లోంచి ఒకటి పైకి జరిగే రెండు ముక్కల పొడవాటి నిచ్చెన ఒకటుండేది. దాన్ని కూడా విడదీసి చెరో ముక్కా పట్టుకుపోయారు. ఏ ముక్కా చూరుకు అందదు. ఇంత జాగ్రత్తగా పంచుకున్న మనుషులు ఒక్కటి మాత్రం మరిచిపోయారు. కప్పు ఎవరిదో ఎవరూ అనుకోలేదు.

కప్పు ముందువైపు చూరు పొడవునా రేకు కాలువ ఉంది. పెంకుల మీద పడిన వాన అందులోకి జారి, మా కొసన ఉన్న గొట్టంలోంచి నేలకు దిగుతుంది. గొట్టం ఒక్కటే. కాబట్టి బావగారి వైపు నీళ్లు కూడా మా మీదుగానే పోవాలి. కట్టిన మేస్త్రీకి ఇందులో ఇలాంటి అన్నదమ్ములు కాపురముంటారని తెలియదు పాపం.

బావగారు సైన్‌బోర్డులు రాసే మనిషి. గీత గీస్తే వెంట్రుకవాసి తేడా ఉండదు. పంపకాలైన వారానికే ఆయన తన సగం నిచ్చెనను తోపుడు బండి మీద నిలబెట్టుకుని ఎక్కి, కాలువకు సరిగ్గా మధ్యలో ఎర్రరంగుతో గీత గీశారు. ఆ పక్క తనది, ఈ పక్క మాది. ఏటా ఆకు రాలే కాలం రాగానే పొడుగు కర్రకు చీపురు కట్టి, తన వైపు ఆకుల్ని గీత దాకా నెట్టి చేతులు దులుపుకునేవారు. అవి ఎటుపోయాయో ఆయనకు అక్కర్లేదు.

మా ఆయన రేకుల పని చేస్తాడు. డబ్బాలు, గరాటులు, పొయ్యి గొట్టాలు ఆయన చేతిలో చుక్క కారకుండా తయారవుతాయి. ఆయన ఊరుకుంటాడా? నిరుడు తన సగం నిచ్చెనను భోజనాల బల్ల మీద పెట్టి ఎక్కి, ఎర్రగీత దగ్గర కాలువకు అడ్డంగా ఒక రేకు ముక్క బిగించాడు. అంచులకు రబ్బరు కూడా వేశాడు. అన్నగారి ఆకు ఒక్కటి ఇటు రాకూడదు. ఆకు రాలేదు సరే, నీళ్లు కూడా రాలేదు. నీళ్లకు పంపకాల సంగతి ఏం తెలుసు? పోయిన చలికాలం ముసురు పట్టినప్పుడు అవి ఆ అడ్డుకట్ట దగ్గర నిలిచి, పొంగి, మధ్యగోడలోకి దిగాయి.

ఆ గోడను ఆనుకునే మా ముందుగది. అందులో నేను క్రెష్ నడుపుతాను. తల్లులు పనికి పోతూ పిల్లల్ని నా దగ్గర దిగబెట్టి, సాయంత్రం తీసుకుపోతారు. మధ్యాహ్నం అన్నాలు తిని పిల్లలు ఆ గదిలోనే వరసగా పడుకుంటారు. సీలింగు పెచ్చు ఊడిపడిన రోజు సెలవు కాబట్టి గదిలో ఎవరూ లేరు. నేను వెళ్లి చూసేసరికి అరచేయంత మందం పెచ్చు, అందరికంటే చిన్నపిల్ల పక్క మీద పడి ఉంది. పెచ్చు కింద ఆ పిల్ల దిండు కనిపించనే లేదు. ఆ క్షణాన నాకు వచ్చిన కోపం ఇప్పటికీ నాలోనే ఉంది. దాన్ని తగ్గించుకోవాలని కూడా నాకు లేదు.

బీమా కంపెనీ పైసా ఇవ్వలేదు. కాలువ సరిగా శుభ్రం చేసి ఉంటే ఈ నష్టం జరిగేది కాదు, తప్పు పక్కభాగం వాళ్లది అంది. బావగారిది వేరే కంపెనీ. వాళ్లు తప్పు మాది అన్నారు. రెండు కంపెనీలూ నిజమే చెప్పాయి, నాకు ఒళ్లు మండింది అందుకే. పైగా మా కంపెనీ ఇంకో మాట చెప్పింది. చలి ముదిరేలోగా మనిషిని మళ్లీ పంపిస్తాం, ఇంటి బాగోగులు చూసుకుంటున్నట్టు కనిపిస్తే బీమా ఉంటుంది, లేకపోతే రద్దు. బీమా లేని ఇంట్లో క్రెష్ నడపడానికి మున్సిపల్ ఆఫీసు ఒప్పుకోదు. అంటే కాలువలో ఆ రేకు ముక్క ఉన్నంతకాలం నా పని పోయినట్టే.

*

ముందు మర్యాదగానే అడిగాను.

"ఏమండీ, ఈ ఆదివారం ఆ రేకు తీసేయండి," అన్నాను మా ఆయనతో. ఆయన బూట్లకు లేసులు కట్టుకుంటున్నాడు.

"తీస్తే ఆయన చెత్తంతా మన నెత్తికెక్కుతుంది."

"ఎక్కితే నేను ఎత్తిపోస్తాను. మీరు తీయండి చాలు."

"అన్నయ్య వచ్చి అడగమను. తీస్తాను."

"ఆయన అడగరని మీకు తెలుసు."

"అయితే నేను తీయనని ఆయనకూ తెలుసు," అన్నాడు. ఏదో గెలిచినట్టు లేసు ముడి బిగించి వెళ్లిపోయాడు.

బావగారి వాకిట్లోకి వెళ్లాను. ఆయన ఒక మందుల షాపు బోర్డుకు రెండో పూత వేస్తున్నారు. కుంచె పక్కన పెట్టి, "రామ్మా, కూర్చో," అన్నారు. నా మీద ఆయనకు ఎప్పుడూ కోపం లేదు. అదే చిక్కు. కోపం ఉన్నవాళ్లతో పోట్లాడటం తేలిక.

విషయం చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "రేకు పెట్టింది వాడు. వాడే తియ్యాలి కదమ్మా," అన్నారు.

"తీశాక మీ వైపు ఆకులు కూడా ఎత్తాలి బావగారూ. నెట్టడం కాదు."

"చిన్నవాడు వాడు. వచ్చి ఒక్క మాట అడగమను, మొత్తం కాలువ నేనే కడిగిస్తా. నాకేం పట్టింపు లేదు."

పట్టింపు లేనాయన మళ్లీ కుంచె తీసుకుని, ఒక అక్షరం తోకను నున్నగా దిద్దారు. నేను లేచి వచ్చేశాను. వీధి పొడవునా చెట్లు పసుపుపచ్చగా ఉన్నాయి. గాలి వీచినప్పుడల్లా ఆకులు మా కప్పు మీద పడుతున్నాయి. చూసినవాళ్లకు బాగానే ఉంటుంది. నాకు మాత్రం ఒక్కో ఆకూ ఎవరో కావాలని విసిరినట్టే ఉండేది.

వారం తిరిగేసరికి నాలుగు చినుకులు పడ్డాయి. ముందుగదిలో కొత్తగా వేసిన సీలింగుకు మూలన తడి మచ్చ కనిపించింది. పిల్లల పక్కల్ని ఇవతలి గోడకు జరిపాను. ఒక తల్లి అది గమనించి, "ఎందుకు జరిపారండీ?" అని అడిగింది. గాలి బాగా వస్తుందని అబద్ధమాడాను. అబద్ధమాడినందుకు నా మీద కంటే ఆ ఇద్దరి మీదే మండిపోయింది.

*

బావగారి భార్య నాకు తోడికోడలు. నేను అక్కా అని పిలుస్తాను. మగవాళ్లకు మాటలు లేవు కాబట్టి మాకూ ఉండకూడదని ఎవరో అనుకున్నారు. ఎవరనుకున్నారో మాకు తెలియదు. మేం మాత్రం మాట్లాడుకుంటూనే ఉన్నాం, కాకపోతే పెరట్లో బట్టలారేసే వేళ మాత్రమే. ఆవిడ తీగ మీద ఆవిడ బట్టలు, నా తీగ మీద నా బట్టలు, మధ్యలో మాటలు.

"అక్కా, మీ సగం నిచ్చెన ఎక్కడుంది?" అన్నాను ఆ రోజు.

ఆవిడ నోట్లో ఉన్న క్లిప్పు తీసి నా వైపు చూసింది. "షెడ్డులో. ఎందుకు?"

"నా దగ్గర మిగతా సగం ఉంది."

అక్క ఒక దుప్పటి మొత్తం దులిపి, ఆరేసి, నాలుగు మూలలా క్లిప్పులు పెట్టింది. "మా పడకగది గోడ కూడా ఉబ్బిపోయింది," అంది అప్పుడు. "రంగు వేస్తే సరిపోతుందంటాడు. ఆయనకు ప్రపంచంలో దేనికైనా రంగు వేస్తే సరిపోతుంది."

"వాళ్లు ఇద్దరూ ఊళ్లో లేనప్పుడు చేద్దామా?"

"దొంగతనమా ఏమన్నానా?" అంది అక్క. "ఆదివారం పొద్దున చేద్దాం. ఇద్దరూ ఇంట్లోనే ఉంటారు. చూడనీ."

ఆ మాటతో నాకు వెయ్యేనుగుల బలం వచ్చింది. నేను పిరికిదాన్నని కాదు. నా ఒక్కదానికే కోపం ఉందనుకున్నాను, అంతే.

ఆదివారం పొద్దున, ఎండ వాకిట్లోకి వచ్చాక, రెండు ముక్కలూ పట్టుకుని ఇద్దరం రెండు గుమ్మాల్లోంచి బయటికొచ్చాం. ఇన్నేళ్లూ విడిగా ఉండి తుప్పు పట్టాయేమో, ఒకదాంట్లో ఒకటి దూరలేదు. అక్క లోపలికి వెళ్లి వంటనూనె తెచ్చి పోసింది. నాలుగు దెబ్బలు వేశాక కీచుమంటూ జరిగాయి. ఆ చప్పుడుకు రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి.

నేను అప్పటికే చీర చెంగు బొడ్లో దోపుకుని సగం ఎక్కాను. అక్క కింద నిచ్చెన పట్టుకుంది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు మా ఆయన.

"కనబడటం లేదా?"

"దిగు ముందు. పడితే ఎముకలు ఏరుకోవాలి."

"నిచ్చెన గట్టిగానే ఉంది. రెండు ముక్కలూ కలిస్తే ఇలా ఉంటుందని మీకు గుర్తులేదేమో."

బావగారు తన గుమ్మంలోంచి అక్కతో అన్నారు, "వదిలేసి లోపలికి రా. అందరూ చూస్తున్నారు."

"నేను వదిలేస్తే అది పడుతుంది," అంది అక్క. "వచ్చి మీరు పట్టుకుంటారా?"

బావగారు గడప దగ్గరే ఆగిపోయారు. పట్టుకోవాలంటే తమ్ముడి వాకిట్లో కాలు పెట్టాలి. ఎదురింటావిడ వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ చీపురు మరిచిపోయి నిలబడింది. చూడనిచ్చాను.

పైకి వెళ్లి కాలువలోకి చూశాను. మా ఆయన పెట్టిన రేకు అంత నిట్టనిలువుగా, అంత చక్కగా ఉంది. దానికి ఆ వైపు నల్లగా కుళ్లిన ఆకుల ముద్ద, ఈ వైపు కూడా అదే ముద్ద. ఇన్నేళ్లూ వీళ్లు చీపుర్లతో పైపైన నెట్టారే కానీ అడుగున ఒక్కరూ చెయ్యి పెట్టలేదు. ఆ ముద్దలో నా దగ్గరి పిల్లల బంతి ఒకటి దొరికింది. రేకును ఆనుకుని ఒక మొక్క కూడా మొలిచింది, వేళ్లతో సహా దర్జాగా. మా ఇంట్లో ఆ పంపకాలతో బాగుపడింది అదొక్కటే.

రేకు ఊడలేదు. అంత గట్టిగా బిగించాడు మహానుభావుడు. స్క్రూ డ్రైవరుతో ఒక్కో స్క్రూ తిప్పుతుంటే కింద మా ఆయన గొంతు మారింది.

"అది తియ్యకు. నా మాట విను. కప్పు విషయాలు నీకు తెలియవు."

"కప్పు ఎవరిది?" అన్నాను పైనుంచే.

ఇంకో స్క్రూ తిప్పాను.

"చెప్పండి, మీదా? బావగారిదా? పంపకాల్లో ఎవరికొచ్చింది?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోబోయి, చూసుకోకూడదని గుర్తొచ్చి, నేలవైపు చూశారు.

"ఎవరిదీ కాదంటే మాది," అన్నాను. "అక్కదీ నాదీ. ఇక జరగండి, చెత్త కింద పడుతుంది."

జరిగారు. చివరి స్క్రూ కూడా తీసి రేకు పీకేశాను. నల్లటి ముద్దలు రెండు గుమ్మాల ముందూ సమానంగా పడ్డాయి. అందులో మాత్రం నేను పక్షపాతం చూపించలేదు.

ఆ తర్వాత అక్క ఎక్కింది, నేను పట్టుకున్నాను. ఇలా మార్చుకుంటూ ఒక కొస నుంచి ఇంకో కొస దాకా కాలువ అడుగు చేత్తో గీకాం. గొట్టంలో ఇరుక్కున్న ఆకుల్ని తీగతో లాగాం. ఒకచోట పెంకు పగిలి ఉంటే దాని కింద ఒక అడ్డు పెట్టాం. చివరికి అక్క తన వైపు కొసన బకెట్టు నీళ్లు పోసింది. నీళ్లు కాలువ వెంట వచ్చి, ఎర్రగీత దాటి, మా గొట్టంలోంచి దబదబా కిందికి దిగాయి. నేను ఆ నీళ్ల కింద చేతులు కడుక్కున్నాను. నా చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. పెళ్లయ్యాక అంత సంతోషంగా ఉన్న ఆదివారం నాకు గుర్తులేదు.

భోజనాల దగ్గర మా ఆయన పళ్లెంలోకి చూస్తూ, "ఆ రేకు ఎక్కడ పెట్టావు?" అన్నాడు.

"ఎందుకు?"

"రేపు మళ్లీ బిగిస్తాను. నీ పంతం నీది, నా పంతం నాది."

"వెళ్లి బిగించుకోండి. మన మంచానికి సరిగ్గా పైన పెంకు పగిలి ఉంటే దాని కిందే దూర్చాను. పీకారంటే మొదటి వానకే మీ ముఖం మీద కురుస్తుంది."

ఆయన కళ్లెత్తి కప్పువైపు చూశాడు. కాసేపు ఏమీ తినలేదు. తర్వాత మారు వడ్డించమన్నాడు.

*

బీమా మనిషి వచ్చిన రోజు వాన పడుతోంది. ఆయన చేతిలో పొడుగాటి టార్చిలైటు. పట్టపగలు కూడా దాన్ని ఆర్పకుండా, కప్పూ గోడా ఒకటేమిటి, మనుషుల ముఖాల మీద కూడా వేసి చూస్తాడు. ఆయన గేటు తీసేసరికి నేను ముందుగదిలో పిల్లల్ని పడుకోబెడుతున్నాను. వాన లేని రోజు వస్తే బాగుండునని ఒకవైపు, వానలోనే చూడాలని ఇంకోవైపు.

మా ఆయన ఎదురెళ్లాడు. ఏ కబురూ లేకుండానే బావగారు కూడా తన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

టార్చిలైటాయన గొడుగు కింద నిలబడి చూరు కొస నుంచి కొస దాకా చూశాడు. నీళ్లు ఎక్కడా పొంగలేదు. ఎర్రగీత దగ్గర ఆగి, "ఇదేంటి?" అన్నాడు.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. అటు బావగారు కూడా సవరించుకున్నారు.

"పాత రంగు," అన్నాను నేను. "దానికేం పని లేదు."

ఆయన లోపలికొచ్చి, పిల్లలు లేవకుండా మునివేళ్ల మీద నడుస్తూ సీలింగు మీద లైటు వేశాడు. తడి మచ్చ అంచులు తెల్లగా ఆరిపోయి ఉన్నాయి. చేత్తో గోడ తడిమి చూశాడు. ఈయన తల అడ్డంగా తిప్పితే రేపటి నుంచి ఈ తల్లులంతా ఎక్కడికి పోవాలి, నేనేం చేయాలి అన్నదే నా బెంగ.

"పోయినసారి అలా ఉన్నది ఇప్పుడిలా ఎలా అయింది?" అని అడిగాడు మా ఆయన్ని. "ఎవరితో చేయించారు?"

"అంటే, మేమే చూసుకుని..." అన్నాడు మా ఆయన.

"మేం చేశామండి," అంది అక్క. ఆవిడ ఎప్పుడొచ్చిందో నా వెనకే ఉంది. ఇల్లు రెండైన తర్వాత ఆ గదిలోకి రావడం ఆవిడకు అదే మొదటిసారి. "తనూ నేనూ. పోయిన వారమే చేశాం, ఆకులు మొత్తం రాలిపోయాక మళ్లీ చేస్తాం."

టార్చిలైటు ఆవిడ ముఖం మీద పడి, నా ముఖం మీద పడి, ఆరిపోయింది. అది ఆరడం నేను చూసింది అప్పుడే.

"సరే," అన్నాడాయన. "బీమా ఉంటుంది. వచ్చే ఏడు మళ్లీ వస్తాను. ముందుగా ఎవరికి ఫోన్ చెయ్యాలి?"

"నాకే," అన్నాడు మా ఆయన గబుక్కున.

"నాకు చెయ్యండి," అన్నాను. "ఆయనకు చేస్తే మళ్లీ నాకే చెప్పాలి. మధ్యలో మీకెందుకు శ్రమ?"

*

ఆయన వెళ్లాక వాన కాస్త తెరిపిచ్చింది. పిల్లలు ఒక్కొక్కరే లేస్తున్నారు. నేను దుప్పట్లు తీస్తుంటే మా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. ఆ ముఖంలో ఏదో తేడా ఉంది.

"అన్నయ్యా నేనూ మాట్లాడుకున్నాం," అన్నాడు.

చేతిలో దుప్పటి అలాగే ఆగిపోయింది. "ఎప్పుడు?"

"ఇందాకే. గేటు దగ్గర."

నిజం చెప్పాలంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఈ మాట కోసం ఎన్నాళ్లు ఎదురు చూశాను. "ఏం మాట్లాడుకున్నారు?"

"మీ గురించే. ఇద్దరాడవాళ్లు వీధిలో నిచ్చెనెక్కడం, ఆ వచ్చినాయన ముందు మమ్మల్ని పక్కన పెట్టి మాట్లాడటం, ఇదేం బాగాలేదని అన్నయ్య కూడా అన్నాడు. ఇద్దరం ఒక మాట మీదికొచ్చాం. ఇక నుంచి కప్పు సంగతి మేం చూసుకుంటాం. ఆ నిచ్చెన మాకిచ్చేయండి."

ఏళ్ల తరబడి ఒకరి ముఖం ఒకరు చూసుకోని మనుషులు కలిశారు. మా మీదికి రావడానికి కలిశారు. నాకు నవ్వూ కోపం కలగలిసి వచ్చాయి. అయినా నిలబడి ఉన్న ఆ మనిషిని చూస్తే కాస్త జాలి కూడా వేసింది. ఆ జాలితోనే ఇచ్చేసేదాన్నేమో. సరిగ్గా అప్పుడే ఆ చిన్నపిల్ల నిద్రకళ్లతో వచ్చి నా కాళ్లకు చుట్టుకుంది. దాన్ని ఎత్తుకున్నాను.

"మీరిద్దరూ మాట్లాడుకోవడం నాకు సంతోషమే," అన్నాను. "రోజూ మాట్లాడుకోండి. కప్పు మాత్రం ఇవ్వం."

"ఎందుకివ్వరు? మేం చెయ్యలేమనా?"

"చెయ్యగలరు. మీ అంత బాగా ఎవరూ చెయ్యలేరు. కానీ మీరు మళ్లీ పోట్లాడుకుంటారు. పోట్లాడుకోండి, నేను వద్దనను. ఆ రోజున ఊడిపడే పెచ్చు మాత్రం మీ నెత్తిన పడదు."

ఆయన నన్ను చూశాడు, నా చంకలో పిల్లను చూశాడు. వెనక్కి తిరిగి గేటు దాకా నడిచాడు. బావగారు అక్కడే, గేటుకు అవతల, గొడుగు మడిచి పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

"ఏమంది?" అని అడగడం వినిపించింది.

"ఇవ్వనంది."

"మా ఆవిడా అదే మాటంది," అన్నారు బావగారు.

ఇద్దరూ అక్కడే నిలబడిపోయారు. నేను పిల్లను కిందికి దింపి బూట్లు తొడిగాను. దాని తల్లి వచ్చే వేళయింది.